మట్టి మగ్గులో దీవిని అమ్మిన ట్రేడర్ విక్

మనకి మగ్గు అంటే స్నానాల గదిలో బకెట్ పక్కన ఉండే ప్లాస్టిక్ వస్తువు. అమెరికా వచ్చిన కొత్తలో ఆఫీసులో కాఫీ తాగేదాన్ని కూడా మగ్గే అంటారని తెలిసి నవ్వుకున్నవాళ్ళం. కొన్నాళ్ళకి, మేముండే శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఓ గరాజ్ సేల్‌కి వెళితే మూడో రకం మగ్గు కనపడింది. జానెడు ఎత్తు, ముదురు గోధుమరంగు, గుడ్లురిమే కళ్ళు, బయటికి పొడుచుకొచ్చిన పళ్ళు, నెత్తి మీద గుంట. పిల్లలు దాన్ని చూసి రాక్షసుడన్నారు. మాతో వచ్చిన పెద్దావిడ మాత్రం అచ్చం మా ఊరి పోతురాజులా ఉన్నాడే అని చేతులు జోడించబోయింది. అమ్ముతున్న పెద్దాయన అది తాగే గ్లాసని, వాళ్ళ నాన్న ఏనాడో ఒక హోటల్ నుంచి ఇంటికి తెచ్చాడని చెప్పాడు. కొని తెచ్చాడా, కోటులో దాచి తెచ్చాడా అని మేం అడగలేదు. పెన్నులు పెట్టుకోడానికి పనికొస్తుందని రెండు డాలర్లిచ్చి తెచ్చుకున్నాం.

వీటిని టికీ మగ్గులంటారని తర్వాత తెలిసింది. వీటిని ఏరి ఏరి దాచుకునేవాళ్ళు ఉన్నారు. కొత్త బొమ్మలు గీసి, లెక్కపెట్టి కొన్ని వందలే చేయించి అమ్ముకునేవాళ్ళు ఉన్నారు. కొత్త మగ్గు విడుదలౌతుందంటే తెల్లారకుండానే వెళ్ళి లైన్లో నిలబడేవాళ్ళూ ఉన్నారు, మన దగ్గర పెద్ద హీరో సినిమా మొదటాటకి నిలబడ్డట్టు. ఈ పిచ్చికి, ఈ వ్యాపారానికి మూలం ఎక్కడని వెతుక్కుంటూ పోతే మళ్ళీ మన బే ఏరియాకే, ఓక్లాండ్‌లో ఒక చెక్క కాలి మనిషి దగ్గరికే రావాల్సి వచ్చింది. ఆయన అసలు పేరు విక్టర్ జూల్స్ బర్జరాన్. లోకానికి తెలిసిన పేరు ట్రేడర్ విక్.

బర్జరాన్ 1902 డిసెంబర్ 10న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తండ్రి ఫ్రెంచి కెనడా మనిషి, తల్లిది ఫ్రాన్స్. తండ్రి హోటల్లో వెయిటర్‌గా పనిచేశాడు, ఆ తర్వాత ఓక్లాండ్‌లో కిరాణా కొట్టు నడిపాడు. ఈ దేశానికి వచ్చిన మొదటి తరం కథలు ఏ భాష వాళ్ళవైనా ఇలాగే ఉంటాయి కాబోలు. చిన్నతనంలోనే పిల్లాడి మోకాలికి క్షయ పట్టింది. ప్రాణం దక్కింది కానీ కాలు తీసేయాల్సి వచ్చింది. మిగతా పిల్లలు వీధిలో బంతాట ఆడుతుంటే చూస్తూ పెరిగాడు. పెద్దయ్యాక ఆ లోటునే పెట్టుబడిగా మార్చుకున్నాడు. కాలు ఎలా పోయిందని ఎవరైనా అడిగితే సముద్రంలో సొరచేప కొరుక్కుపోయిందని కథలు చెప్పేవాడట. కొత్తగా వచ్చినవాళ్ళ ముందు ఐసు పొడిచే సూది తీసి ఉన్నట్టుండి చెక్క కాల్లో గుచ్చుకునేవాడని, చూసినవాళ్ళు కెవ్వుమనేవాళ్ళని చెప్పుకుంటారు. కాలు క్షయవల్ల పోయిందంటే అయ్యో అని జాలిపడి ఊరుకుంటారు. సొరచేప అంటే ఇంకో గ్లాసు తెప్పించుకుని కూచుంటారు. ఈ తేడా తెలియడమే ఆయన అసలు తెలివి.

అమెరికాలో మద్యనిషేధం 1933 డిసెంబర్‌లో పోయింది. మరుసటేడు, అంటే 1934లో, శాన్ పాబ్లో ఎవెన్యూ, 65వ వీధి దగ్గర, తండ్రి కొట్టుకి ఎదురుగానే, బర్జరాన్ ఒక చిన్న చెక్క గుడిసె వేయించాడు. పెట్టుబడి 500 డాలర్లు అంటారు. దానికి హింకీ డింక్స్ అని పేరు పెట్టాడు. గోడలకి దుప్పి కొమ్ములు, మంచులో నడిచే చెప్పులు తగిలించాడు. దేశంలో జనం దగ్గర డబ్బులాడని రోజులవి. బిల్లు కట్టలేనివాడు చేతిలో ఉన్న వస్తువేదో ఇచ్చి తినిపోయేవాడు. ఇది ఇచ్చి అది పుచ్చుకోవడం బర్జరాన్‌కి సరదా కూడా. మన పల్లెల్లో ధాన్యం కొలిచి సరుకులు తెచ్చుకున్నట్టే అనుకోండి.

అప్పటికే హాలీవుడ్‌లో ఒకాయన వేరే దుకాణం తెరిచి పేరు తెచ్చుకున్నాడు. అసలు పేరు ఎర్నెస్ట్ గాంట్, తర్వాత డాన్ బీచ్ అని పేరే మార్చుకున్నాడు. ఆయన హోటల్ పేరు డాన్ ద బీచ్‌కోంబర్. వెదురు గోడలు, చేపల వలలు, మసక దీపాలు, రమ్ములో నాలుగు రకాల పళ్ళరసాలు కలిపిన పానీయాలు. తలుపు తోసుకుని లోపలికెళితే పసిఫిక్ దీవికి చేరినట్టుండేది. ఈ టికీ బారు అన్న ఊహకి అసలు తండ్రి డాన్ బీచే. ఈ సంగతి దాచక్కర్లేదు. 1930ల చివర్లో బర్జరాన్ న్యూ ఆర్లీన్స్, హవానా, లాస్ ఏంజెలెస్ తిరిగి, పేరున్న బార్లలో కూచుని, ఏది ఎలా కలుపుతున్నారో చూసి నేర్చుకున్నాడు. డాన్ దుకాణం చూసి తిరిగొచ్చాక కొమ్ములు పీకేశాడు. వలలు, గాజు బుడగలు, వెదుళ్ళు తగిలించాడు. ఎప్పుడూ బేరాలాడుతుంటాడు కదా అని భార్యే ట్రేడర్ అన్న మాట సూచించిందట. హింకీ డింక్స్ పోయి ట్రేడర్ విక్స్ వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అందరూ చదివే కాలమిస్టు హెర్బ్ కేన్, ఆ ఊరి మంచి హోటల్ నిజానికి బే అవతల ఓక్లాండ్‌లో ఉందని రాశాడు. ఇంకేముంది, వంతెన దాటి జనం వచ్చిపడ్డారు.

1944లో ఒకరోజు ఆయన పదిహేడేళ్ళు నిలవున్న జమైకా రమ్ము తీసి, నిమ్మరసం, నారింజ లిక్కర్, బాదం షర్బత్తు లాంటి ఓర్జా, కాస్త పంచదార పాకం కలిపి, తాహితి నుంచి వచ్చిన స్నేహితులకి ఇచ్చాడు. తాహితి భాషలో బ్రహ్మాండంగా ఉందని వాళ్ళన్న మాటలోంచి మాయ్ టాయ్ అన్న పేరు పుట్టింది. ఇది ఆయన చెప్పిన కథ. డాన్ బీచ్ ఒప్పుకోలేదు. దాని మూలం తన పానీయమేనని చివరిదాకా వాదించాడు. గొడవ ముదిరి కోర్టు దాకా పోయింది. ఈ గొడవని గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

తర్వాతిదంతా కాలం కలిసొచ్చిన కథ. పసిఫిక్ యుద్ధంలో దీవుల మీద గడిపిన సైనికులు ఇళ్ళకి తిరిగొచ్చారు. బురద, దోమలు, చావులు మర్చిపోయి కొబ్బరిచెట్లు, నీలం నీళ్ళు మాత్రం గుర్తుంచుకోవాలనుకున్నారు. 1947లో హేయర్‌డాల్ కాన్‌టికీ తెప్ప మీద పసిఫిక్ దాటాడు. అదే ఏడు మిచెనర్ దక్షిణ పసిఫిక్ కథల పుస్తకం వచ్చింది, 1949లో అది సంగీత నాటకమైంది. 1959లో హవాయి రాష్ట్రమైంది. శివారు ఇళ్ళ పెరళ్ళలో కూడా కాగడాలు పాతి విందులు చేసుకునే రోజులొచ్చాయి. బర్జరాన్ 1949లో సియాటిల్‌లో, 1951లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తెరిచాడు. హిల్టన్ వాళ్ళతో కలిసి బెవర్లీ హిల్స్, షికాగో, న్యూయార్క్, 1963లో లండన్ కూడా చేరాడు. తర్వాత్తర్వాత ఈ పేరు గల్ఫ్ నగరాలకీ పాకింది. దుబాయ్‌లో ఉండే మన పాఠకులు కొందరు ఈ బోర్డు చూసే ఉంటారు. క్రాబ్ రంగూన్ అని చైనీస్ హోటళ్ళలో మనం తినే పీత, చీజ్ కూరిన కజ్జికాయ ఉందే, అదీ ట్రేడర్ విక్స్‌లోనే పుట్టిందంటారు. రంగూన్‌కి దానికి ఏ చుట్టరికమూ లేదు.

ఇక మగ్గుల సంగతి. ఆయన హోటల్లో ఒక్కో పానీయానికి ఒక్కో పాత్ర. స్కార్పియన్ అనేది పెద్ద మట్టి గిన్నెలో వస్తుంది, నలుగురు చుట్టూ కూచుని పొడుగాటి గొట్టాలతో పీల్చాలి. ఫాగ్ కట్టర్‌కి పొడుగు మగ్గు. కాఫీ గ్రాగ్‌కి పుర్రె ఆకారం మగ్గు, పైన మంట. చిత్రమేమిటంటే అంత పేరొచ్చిన మాయ్ టాయ్‌ని మాత్రం ఆయన మామూలు గాజు గ్లాసులోనే ఇచ్చాడు. అంటే అసలు సరుక్కి వేషం అక్కర్లేదని ఆయనకి తెలుసు. మిగతావాటికి వేషమే సగం సరుకు.

కొబ్బరిచిప్ప, పుర్రె, పీపా ఆకారాలు మొదట వచ్చాయి. 1950ల రెండో సగంలో దేవుడి తలలున్న మగ్గులు దేశమంతా టికీ బార్లలో మొదలయ్యాయి. చాలావరకు జపాన్‌లో చవగ్గా తయారై ఓడల్లో వచ్చేవి. తాగినవాళ్ళు మగ్గు సంచీలో వేసుకుపోవడం మామూలైపోయింది. హోటళ్ళవాళ్ళు ముందు తలలు పట్టుకున్నారు. తర్వాత అడుగున హోటల్ పేరు అచ్చు వేయించి, పానీయంతో కలిపి ధర కట్టి అమ్మేశారు. దొంగతనం కాస్తా ప్రకటన అయింది. ఏ ఊళ్ళో ఎవరి షోకేసులో ఆ మగ్గున్నా, హోటల్ పేరు అక్కడ ఉన్నట్టే. తిరుపతి వెళ్ళినవాళ్ళు లడ్డు తెచ్చి పదిళ్ళకి పంచినట్టు, ఇక్కడ మగ్గు తెచ్చి పదిమందికి చూపించేవాళ్ళు.

ఈ మగ్గు కుమ్మరి సారె మీద తిరిగేది కాదు. మేం మొదట సారె అనే అనుకున్నాం. ముందు శిల్పి మెత్తటి మట్టితో అసలు బొమ్మ చేస్తాడు. మట్టి ఆరి, కాలేసరికి కుంచించుకుపోతుంది కాబట్టి బొమ్మని కావలసినదానికంటే పెద్దగా చేయాలి. దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీస్తారు, మన వినాయకుడి విగ్రహాలకి అచ్చులు వాడినట్టే, కాకపోతే ఇక్కడ ప్లాస్టర్ అచ్చుకే, బొమ్మకి కాదు. మజ్జిగలా జారే మట్టిని అచ్చులో నిండా పోస్తే, ప్లాస్టర్ నీళ్ళు పీల్చుకుని గోడకి మందంగా పొర కడుతుంది. మిగిలిన మట్టి వంపేస్తారు. లోపల డొల్ల, బయట దేవుడు. అచ్చు విప్పి, అతుకులు గీకి, ఆరబెట్టి ఒకసారి కాలుస్తారు. గ్లేజు పూసి మళ్ళీ కాలుస్తారు. డిజైన్ గీసేవాడి కష్టమంతా ఇక్కడే. ముక్కు మరీ కిందికి వంగితే అచ్చు లోంచి ఊడిరాదు. గీతలు లోతుగా ఉంటేనే గ్లేజు అక్కడ చేరి ముదురు రంగు తేలి ముఖానికి కళ వస్తుంది. ఎంత కళ ఉన్నా పెదవి ఆనించే అంచు నున్నగా లేకపోతే తాగేవాడు తిట్టుకుంటాడు. గ్లేజులో సీసం ఉండకూడదు. చేతులు చాచిన బొమ్మైతే పెట్టెలో పెట్టి పంపేసరికి చెయ్యి విరుగుతుంది. అందుకే పాత టికీలు దాదాపు అన్నీ చేతులు పొట్టకి అంటించుకునే నిలబడతాయి.

ఇంతకీ ఆ ముఖం ఎవరిది? న్యూజీలాండ్ మావోరీల కథల్లో టికీ అంటే తొలి మనిషి. పచ్చరాయితో చెక్కిన చిన్న టికీని వాళ్ళు మెడలో వేసుకుంటారు, తాతల నుంచి మనవలకి అందిస్తారు. మార్కెసాస్ దీవుల్లో టికీ రాతి విగ్రహాలు పూజాస్థలాల్లో ఉండేవి. హవాయి గుళ్ళలో చెక్క దేవుళ్ళు నిలబడేవారు. ఈస్టర్ దీవి రాతి మనుషులు వాళ్ళ పూర్వీకులు. అమెరికా బార్లలో వీళ్ళందర్నీ కలిపి ఒకే మట్టిలో పోసి టికీ అనేశారు. బర్జరాన్ చెక్క విగ్రహాలు చేయించుకున్నది సాసలిటోలో బార్నీ వెస్ట్ అనే చెక్కుడు పనివాడి దగ్గర. ఆ పనితనం గొప్పదే. కానీ అందులో దీవులవాళ్ళ చెయ్యి లేదు, వాళ్ళకి వాటా లేదు, వాళ్ళని అడిగినవాళ్ళూ లేరు.

మాకు ఇక్కడే మనసు కాస్త ఇబ్బంది పడింది. మన దేవుళ్ళ బొమ్మల్ని చెప్పుల మీద, ఈతబట్టల మీద అచ్చేశారని ఈ దేశంలో మనవాళ్ళు ఎన్నిసార్లు సంతకాలు పోగుచేయలేదు? మేమూ పెట్టాం. మరి ఈ మగ్గుని రెండు డాలర్లకి కొని, నెత్తిలో పెన్నులు గుచ్చినప్పుడు ఆ ఆలోచనే రాలేదు. పోతురాజుకి కల్లు సాక పోయడం మన ఆచారమే. పోతురాజు తలలో కల్లు పోసుకుని తాగడం ఆచారం కాదు. పెద్దావిడ చేతులు జోడించబోతే నవ్విన మాకు, ఆవిడే సరిగ్గా చూసిందని తర్వాత అనిపించింది.

బర్జరాన్‌ని దుర్మార్గుడనడం మా ఉద్దేశం కాదు. ఆ దీవుల వస్తువులంటే ఆయనకి నిజంగానే ప్రేమ. తనే బొమ్మలు వేసేవాడు, శిల్పాలు చేసేవాడు, వంటల పుస్తకాలు, పానీయాల పుస్తకాలు రాశాడు, 1973లో ఆత్మకథ తెచ్చాడు. ఓక్లాండ్ దుకాణం 1972లో పక్కనే ఎమెరీవిల్‌లో నీళ్ళ ఒడ్డుకి మారింది. 1983 మార్చిలో ఎలిజబెత్ రాణి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చినప్పుడు అక్కడి ట్రేడర్ విక్స్‌లో భోంచేసింది. 500 డాలర్ల గుడిసెకి అంతకంటే ఏం కావాలి? కానీ అప్పటికే మోజు తగ్గిపోయింది. వియత్నాం యుద్ధం చూసిన పిల్లలకి అమ్మానాన్నల వెదురు గదులు ఎబ్బెట్టుగా కనిపించాయి. బర్జరాన్ 1984 అక్టోబర్ 11న హిల్స్‌బరోలో పోయాడు. న్యూయార్క్ ప్లాజా హోటల్లోని ట్రేడర్ విక్స్, ఆ హోటల్ని 1988లో డోనాల్డ్ ట్రంప్ కొన్న కొన్నేళ్ళకి మూతపడింది. లండన్‌ది 2022 దాకా నిలిచింది. మగ్గులు మాత్రం అటకల మీంచి దిగి గరాజ్ సేల్స్‌లోకి వచ్చాయి.

అక్కడ వాటిని ఏరుకున్న కుర్రాళ్ళే మళ్ళీ ఈ వ్యాపారాన్ని లేపారు. 2000లో స్వెన్ కిర్‌స్టెన్ టికీ మీద పుస్తకం తెచ్చాడు. దాంతో ఏ మగ్గు ఏ హోటల్‌దో పోల్చుకోవడం ఒక విద్య అయింది. అదే ఏడు కాలిఫోర్నియాలో టికీ ఫార్మ్ అనే కంపెనీ కొత్త మగ్గుల కోసమే పుట్టింది. 2011లో డిస్నీలాండ్ హోటల్లో ట్రేడర్ శామ్స్ అనే బారు తెరిచాక, పానీయంతో పాటు వచ్చే మగ్గుల కోసం జనం ఎగబడ్డారు. ఆ తర్వాత సినిమాలు దిగాయి. గీకీ టికీస్ అన్న పేరుతో స్టార్ వార్స్‌లోని డార్త్ వేడర్, చూబాకాల తలలు టికీల్లా చెక్కినట్టు గీసి మగ్గులు చేస్తున్నారు. సూపర్ హీరోలూ వచ్చేశారు. పద్ధతి పాతదే, ప్లాస్టర్ అచ్చు, మజ్జిగ మట్టి, గ్లేజు. ముఖమే కొత్తది.

కానీ ఒక పెద్ద తేడా ఉంది. డార్త్ వేడర్ ముఖం వాడాలంటే లైసెన్సు ఉండాలి. బొమ్మ గీసి సొంతదారుకి పంపాలి, వాళ్ళు చెవి ఇలా కాదు, కన్ను అలా కాదు అని దిద్దాలి, అమ్మిన ప్రతి మగ్గు మీదా రాయల్టీ కట్టాలి. లేకపోతే లాయర్ ఉత్తరం వస్తుంది. సినిమా కోసం కల్పించిన పాత్రకి ఇంత కాపలా. మనుషులు వందలేళ్ళు మొక్కిన ముఖాలు ఉచితం. ఒక పానీయం పేరు కోసం ఇద్దరు పెద్దమనుషులు కోర్టు మెట్లెక్కారని చెప్పాం కదా. అది ఎవరి సొత్తో తేల్చుకోడానికి వాళ్ళకి అంత పట్టుదల ఉంది. పానీయం పోసిన పాత్ర మీది దేవుడు ఎవరి సొత్తని మాత్రం ఇద్దరూ అడగలేదు.

ఇది రాసే ముందు మా మగ్గుని అల్మరా నుంచి దించి చూశాం. అడుగున జపాన్ అని అచ్చు ఉంది. హోటల్ పేరు చెరిగిపోయింది, ట్రేడర్ విక్స్‌దో కాదో చెప్పలేం. పెన్నులు వేరే డబ్బాలోకి మార్చాం. ఏ దీవి వాడని పిల్లలు అడుగుతున్నారు. కళ్ళు మార్కెసాస్ పోలిక, నోరు హవాయి పోలిక. మళ్ళీ వచ్చినప్పుడు పెద్దావిడకి చూపించాలి.